అయ్యగారి సాంబశివరావు

అల్లూరి సీతారామరాజు విశాఖ ప్రాంతంలోని పాండ్రంగిలో జన్మించినా, ఆయన వంశీయుల ఊరు పశ్చిమగోదావరి జిల్లా మోగల్లు. ఆ ఊరిలోనే 1914లో అయ్యగారి సాంబశివరావు జన్మించారు. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో చదివి, అక్కడే బోధించి, టాటా విద్యార్థి వేతనంతో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌కు వెళ్ళారు. తిరిగివచ్చి హోమీ భాభా బృందంలో చేరారు.

1956లో ట్రాంబేలో ‘అప్సర’ అణు రియాక్టరు పనిచేయనారంభించింది. ఇంధనం బ్రిటన్‌ది. దానిని అదుపులో ఉంచే ఎలక్ట్రానిక్ వ్యవస్థ మాత్రం సాంబశివరావు బృందానిది. లోపలి స్థితిని తెలిపే సంకేతం ఒక్కటి తప్పినా ముప్పే.

1967లో ఆయన సారథ్యంలో హైదరాబాదులో ఇ.సి.ఐ.ఎల్. వెలసింది. అక్కడ డిజిటల్ కంప్యూటర్లు తయారయ్యాయి. అయితే సామాన్యునికి మరింత మేలు చేసినవి పల్లె టెలివిజన్లేనని చెప్పాలి. 1975 ఆగస్టు నుండి ఏడాదిపాటు ‘సైట్’ ప్రయోగం ఆరు రాష్ట్రాలలోని సుమారు 2400 గ్రామాలలో సాగింది. ఉపగ్రహం అమెరికాది, ఇస్రో రూపకల్పన మేరకు గ్రాహక యంత్రాలను నిర్మించినది ఇ.సి.ఐ.ఎల్. దాదాపు 36,000 కిలోమీటర్లు పయనించిన తరంగం క్షీణించి, రొదలో కలిసిపోయే స్థితికి వస్తుంది. కోళ్ళదొడ్లకు కట్టే ఇనుపవలతో అల్లిన పదడుగుల గొడుగు దానిని ఒడిసిపట్టేది. బొమ్మ ఒక్కటే, ధ్వనులు రెండు: తెలుగు పల్లెకు తెలుగు, కన్నడ పల్లెకు కన్నడం. చేతిఫోనులో పాఠం వినే నేటి గోపాలపట్నం విద్యార్థికి ఇది వింతగా తోచవచ్చు. తరంగాన్ని అంకెలుగా మార్చి పంపే పద్ధతి అప్పటికింకా పల్లెకు చేరలేదు.

1972లో పద్మభూషణ్ పొందిన సాంబశివరావు 2003లో కన్నుమూశారు. ఇ.సి.ఐ.ఎల్.కు చేరువలోని ఏ.ఎస్. రావు నగర్ ఆయన పేరిట వెలసినదే.