నెపోలియన్ అన్న: జోసెఫ్ బోనపార్టు

నెపోలియన్ చక్రవర్తి యుద్ధములను గూర్చి వినని చదువరి మన పల్లెలలో సైతము అరుదు. కాని ఆయనకు ఒక అన్న గలడనియు, తమ్ముడు కత్తితో గెలిచినదానిని ఆ అన్న కలముతో సంధిపత్రములుగా మార్చెననియు ఎరిగినవారు కొలదిమంది. ఆతని పేరు జోసెఫ్ బోనపార్టు. ఆతడు రెండు రాజ్యములకు రాజయ్యెను గాని రాచరికము ఆతనికి అచ్చిరాలేదు. అచ్చివచ్చిన పని వేరు. పగబట్టిన రెండు పక్షములవారిని ఒకచోట కూర్చుండబెట్టి, ఓర్పుతో మాటలాడి, సమాధానపరచుటలో ఆతడు నేర్పరి.

జోసెఫ్ 1768వ సంవత్సరము జనవరి 7వ తేదీన కార్సికా ద్వీపమందలి కోర్తె పట్టణమున జన్మించెను. తండ్రి కార్లో న్యాయవాది; తల్లి లెటీజియా. మరుసటి యేట నెపోలియన్ పుట్టెను. పెద్దవానిని మతాచార్యుని చేయవలెనని, రెండవవానిని సైన్యమున చేర్పవలెనని తండ్రి తలచి ఇరువురిని ఫ్రాన్సునకు చదువులకు పంపెను. 1785లో తండ్రి మరణించుటతో పదునేడేండ్ల జోసెఫ్ ఇల్లు చేరవలసివచ్చెను. తల్లియు ఏడుగురు తోబుట్టువులును ఆతని పాలబడిరి. పిమ్మట పీసా నగరమున న్యాయశాస్త్రము చదివి పట్టము పొందెను. తండ్రి పోయిన ఇంట జ్యేష్ఠుని మాట చెల్లుట మనమెరిగిన మర్యాదయే, కార్సికాలోను అంతియే. కాని ఆ ఇంట అనతికాలముననే తమ్ముడు పెత్తనము వహించెను. అన్న దానికి తలయొగ్గెను. ఆతని జీవితమందలి మేలును కీడును ఈ ఒక్క సంగతినుండి పుట్టినవే.

కార్సికాలోని రాజకీయ కలహముల వలన 1793లో ఆ కుటుంబము కట్టుబట్టలతో ఫ్రాన్సునకు తరలిపోయెను. మరుసటి యేట జోసెఫ్ మార్సేల్స్ పట్టణపు సంపన్న వర్తకుని కుమార్తె జూలీ క్లారీని వివాహమాడెను. ఆ పెండ్లితో ఇంటి దారిద్ర్యము తీరెను.

ఇటలీలో నెపోలియన్ విజయములు సాధించిన పిదప, 1797లో జోసెఫ్ రోము నగరమునకు ఫ్రెంచి రాయబారిగా నియమింపబడెను. ఆ ఉద్యోగము నెత్తుటితో ముగిసెను. డిసెంబరు 28వ తేదీన ప్రజాప్రభుత్వము కోరుచున్న కొందరు రోమనులు రాయబారి భవనమున చొరబడిరి. వారిని తరుముచు పోపు సైనికులు వచ్చిరి. జోసెఫ్ నడుమ నిలిచి వారింపజూచెను. ఆ తొక్కిసలాటలో జోసెఫ్ మరదలిని వివాహమాడనున్న డ్యుఫో అను యువసేనాని కాల్చబడి మరణించెను. జోసెఫ్ రోమును వీడెను. రెండు మాసములు నిండకమునుపే ఫ్రెంచి సైన్యము ఆ నగరమును ఆక్రమించెను. ఆరవ పయస్ పోపు బందీగా కొనిపోబడి, 1799లో ఫ్రాన్సునందే మరణించెను.

ఆ సంవత్సరము నవంబరులో నెపోలియన్ ప్రథమ కాన్సల్ అను పేరిట ఫ్రాన్సునకు నియంత అయ్యెను. ఏండ్ల తరబడి యుద్ధములతో అలసిన దేశమునకు శాంతి కావలసియుండెను. ఆ భారము జోసెఫ్ మీద పడెను. తర్వాతి రెండేండ్లు ఆతని జీవితమున ఉత్తమకాలము.

మొదటి ఒప్పందము అమెరికాతో జరిగెను. చాటింపు లేకయే సముద్రముపై సాగుచున్న పోరును 1800 సెప్టెంబరు 30వ తేదీ సంధి ముగించెను. జోసెఫ్ స్వగృహమగు మోర్త్‌ఫోంతేన్ భవనము పేరనే ఆ సంధి పిలువబడుచున్నది. 1801 ఫిబ్రవరిలో ల్యూనెవీల్ అను ఊరిలో ఆస్ట్రియాతో సంధి కుదిరెను. అదే యేడు జూలైలో పోపు ప్రతినిధి కార్డినల్ కొన్సాల్వితో జరిగిన సంప్రదింపులు మిక్కిలి కఠినమైనవి. సంతకములు చేయుటకై జోసెఫ్ ఇంట అందరు కూడినపుడు, తన ముందుంచిన ప్రతి తాము అంగీకరించినది కాదని కొన్సాల్వి కనుగొని కలము పెట్టుటకు నిరాకరించెను. జోసెఫ్ తనకీ మార్పు తెలియదనెను. వేరొకడైనచో సభ అంతటితో చెదరియుండును. జోసెఫ్ వారిని లేవనీయక, రాత్రి తెల్లవార్లు, మరునాటి మధ్యాహ్నము వరకు ఒక్కొక్క షరతును చర్చింపజేసెను. నెపోలియన్ కోపించినను రెండు దినములలో ఒప్పందము ముగిసెను. దాని ప్రకారము దేవాలయములు తిరిగి తెరువబడెను. మతాచార్యులకు ప్రభుత్వము జీతములీయవలసియుండెను. విప్లవకాలమున అమ్ముడుపోయిన దేవాలయ భూములు కొన్నవారికే నిలిచెను. నెపోలియన్ సామ్రాజ్యము పదేండ్లకే కూలినను ఈ ఒడంబడిక ఫ్రాన్సులో 1905 వరకు అమలులో నుండెను.

నాలుగవది ఆంగ్లేయులతో అమియాఁ పట్టణమున 1802 మార్చిలో జరిగిన సంధి. ఇంగ్లండు పక్షమున వచ్చినవాడు మనకు తెలియనివాడు కాడు: టిప్పు సుల్తానుతో పోరి, వంగదేశమున శాశ్వత శిస్తు నిర్ణయము చేసిన కారన్‌వాలిస్ ప్రభువే. ఆ పద్ధతియే 1802 మొదలుకొని మన ఉత్తర సర్కారులకు వ్యాపించినది. ఈ వృద్ధ సేనానియు జోసెఫును మాసముల తరబడి చర్చించి ఒక అంగీకారమునకు వచ్చిరి. సింహళమును ఆంగ్లేయులు ఉంచుకొని, మాల్టా ద్వీపమును విడిచిపోవలెను. ఫ్రెంచివారి నుండి గైకొన్న స్థావరములను తిరిగి ఈయవలెను. గోదావరి ఒడ్డున గల మన యానాము సైతము అట్టి స్థావరములలో నొకటి. కాని మాల్టాను ఆంగ్లేయులు విడువలేదు. నెపోలియన్ ఐరోపాలో తన ఆక్రమణలు మానలేదు. 1803 మే నెలలో మరల యుద్ధము వచ్చెను. యానాము ఫ్రెంచివారికి స్థిరముగా దక్కుటకు నెపోలియన్ పతనము వరకు ఆగవలసివచ్చెను.

1804లో తమ్ముడు చక్రవర్తి అయ్యెను. ఇటలీ కిరీటమును అన్నకీయజూడగా, ఫ్రాన్సు సింహాసనముపై తన హక్కును వదలుకొనుటకు ఇష్టపడక జోసెఫ్ నిరాకరించెను. తమ్మునికి ఆతడు గట్టిగా కాదని చెప్పిన సందర్భములు అరుదు, ఇది అందొకటి. 1806లో మాత్రము నేపుల్సు రాజ్యమును స్వీకరించి, అచట జమీందారీ హక్కులను రద్దుచేసి కొంత మంచిపేరు సంపాదించెను.

1808లో స్పెయిను రాజకుటుంబమును తొలగించి నెపోలియన్ ఆ సింహాసనముపై అన్నను కూర్చుండబెట్టెను. సంధి చేయదగిన ప్రతిపక్షి అచట లేడు. ఊరూరను ప్రజలు ఆయుధములు పట్టిరి. జూలై 20వ తేదీన మాడ్రిడ్ ప్రవేశించిన రాజు, బైలెన్ వద్ద ఫ్రెంచి సైన్యము లొంగిపోయిన వార్త విని, నెలయైన నిండకమునుపే నగరము విడిచి వెడలెను. డిసెంబరులో నెపోలియన్ స్వయముగ దండెత్తి ఆతనిని మరల నిలిపెను. జోసెఫ్ స్పానిషు భాష నేర్చెను. ఇరుకు వీధులను విప్పి చౌకులు కట్టించెను. దేశపు చిత్రములకొక ప్రదర్శనశాల నెలకొల్పుటకు 1809లో శాసనము చేసెను. ప్రజలు మాత్రము మితముగా త్రాగు ఆ మనుష్యునికి సీసాల రాజని పేరుపెట్టి నవ్విరి. చౌకులను చూచి చౌకుల రాజనియు అనిరి. సేనానులు పారిసునుండి వచ్చు ఆజ్ఞలనే గాని రాజు మాట వినరైరి. 1810లో ఉత్తర పరగణాలను నెపోలియన్ ఆతనికి చెప్పకయే సైనికాధికారుల వశము చేసెను. రాజ్యమును వదలుకొందునని 1811లో జోసెఫ్ పారిసుకు పోయెను. ధనసహాయపు వాగ్దానముతో తిరిగివచ్చెను. ఆ యేటినుండి మరుసటి యేటి వరకు మాడ్రిడ్ నగరమున కరవు వచ్చి వేలకొలది జనులు ఆకలితో మరణించిరి. సంధులు కూర్చిన చేతితో ఆతడు ఈ ఘోరమునకు రాజముద్ర వేయుచుండెను. మంచివాడనుట ఇచట ఆతనిని కాపాడజాలదు. 1813 జూన్ 21వ తేదీన విటోరియా యుద్ధమున ఓడి, బండిని విడిచి గుఱ్ఱమెక్కి పారిపోయెను. బండిలో చిక్కిన రాజసౌధపు చిత్రములు వెల్లింగ్టన్ వశమయ్యెను.

1815లో అంతయు ముగిసి నెపోలియన్ తీరమున చిక్కుకొనియుండగా, రూపమున తమ్ముని పోలిన జోసెఫ్ అచటికి పోయి, ఆతని స్థానమున తానుండెదననియు, ఆతడు అమెరికాకు తప్పించుకొనవచ్చుననియు చెప్పెను. నెపోలియన్ ఒప్పుకొనలేదు. తమ్ముడు సెయింటు హెలీనాకు పోయెను. అన్న మారుపేరుతో అమెరికా చేరెను. పదునైదేండ్ల క్రిందట తాను సంధి కుదిర్చిన దేశమే ఆతనికి ఆశ్రయమిచ్చెను.

న్యూజెర్సీ రాష్ట్రమున బోర్డెన్‌టౌన్ వద్ద డెలవేర్ నది యొడ్డున ఆతడు తోటలతో ఇల్లు కట్టుకొనెను. అందు సుమారు 8,000 పుస్తకముల గ్రంథాలయముండెను. ఆ దేశమున నాడు అంతటి గ్రంథసంచయములు మిక్కిలి అరుదు. 1820 జనవరిలో ఆ ఇల్లు అగ్నికాహుతి కాగా, ఇరుగుపొరుగువారు మంటలలో దూరి చిత్రములను, విలువైన వస్తువులను వెలికితెచ్చి అప్పగించిరి. జోసెఫ్ వారికి కృతజ్ఞతతో ఒక లేఖ వ్రాసెను. స్పెయిను ప్రజలను ఐదేండ్లు ఏలియు పొందలేని స్నేహమది.

భార్య జూలీ అనారోగ్యముచే ఐరోపాలోనే యుండెను. కుమార్తెలు మాత్రము వచ్చి కొంతకాలము తండ్రితో గడిపిరి. 1832 తరువాత ఆతడు ఇంగ్లండునకు, అమెరికాకు రాకపోకలు చేసి, కడకు ఫ్లోరెన్సున భార్యను చేరుకొనెను. 1844 జూలై 28వ తేదీన అచటనే మరణించెను. 1862లో ఆతని అస్థులను పారిసునకు తెచ్చి, తమ్ముడు నిద్రించుచున్న ఇన్వాలీద్ మందిరముననే ఒక ప్రక్కగదిలో ఉంచిరి.