గుర్రమెక్కి వచ్చిన నర్సమ్మ

నొప్పులు పడుతున్న ఆడమనిషిని డోలీలో మోసుకుంటూ కొండ దించడం రాయగడ, కొరాపుట్ వైపు ఉన్న మనవాళ్లకు తెలియని సంగతేం కాదు. సరిగ్గా అలాంటి దారీతెన్నూ లేని కొండల్లోకి, అమెరికాలో నూరేళ్ల కిందట ఓ నర్సమ్మ గుర్రమెక్కి తానే వెళ్లారు. పేరు మేరీ బ్రెకిన్‌రిడ్జ్.

1881లో మెంఫిస్‌లో పుట్టారు. కలవారి బిడ్డ. తాత ఆ దేశ ఉపాధ్యక్షుడు, తండ్రి రష్యాలో రాయబారి. పెళ్లయిన రెండేళ్లకే భర్త పోయారు. దాంతో న్యూయార్క్ సెయింట్ లూక్స్ ఆసుపత్రిలో చేరి 1910లో నర్సయ్యారు. మళ్లీ పెళ్లి చేసుకున్నారు. 1916లో నెలలు నిండకుండా పుట్టిన ఆడపిల్ల కొన్ని గంటలే బతికింది. 1918లో నాలుగేళ్ల కొడుకు జబ్బుచేసి చనిపోయాడు. చేతిలో నర్సు పట్టా ఉండి కూడా ఇద్దరినీ దక్కించుకోలేకపోయారు. ఆ పెళ్లీ నిలవలేదు.

మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక సహాయ పనులకు ఫ్రాన్స్ వెళ్తే అక్కడ బ్రిటిష్ నర్సులు కలిశారు. వాళ్లు నర్సింగ్ అయ్యాక పురుడు పోయడం విడిగా చదివి, పరీక్ష పాసైనవాళ్లు. అమెరికాలో నర్సులకు అలాంటి చదువే లేదు. అక్కడ అయితే డాక్టరు, లేదంటే ఊళ్లో మంత్రసాని!

1923 వేసవిలో కెంటకీ కొండల్లో గుర్రం మీద తిరిగి మంత్రసానులను కలిశారు. చాలామంది వయసు మళ్లినవాళ్లు, చూసి నేర్చుకున్నవాళ్లు. ఆ తర్వాత లండన్ వెళ్లి, వుల్విచ్‌లోని తల్లీబిడ్డల ఆసుపత్రిలో విద్యార్థినిగా చేరారు. అప్పటికి వయసు 42 దాటింది. నర్సయి పదేళ్లు పైబడిన మనిషి మళ్లీ మొదటి పాఠం నుంచి కూర్చోవడం చిన్న విషయమా? మిడ్‌వైఫ్ పట్టా వచ్చాక 1924లో స్కాట్లాండ్ కొండలు, దీవుల్లో వైద్యం ఎలా అందుతోందో చూసి మరీ తిరిగొచ్చారు. (మన దగ్గర నర్సింగ్ డిప్లొమాలోనే ప్రసూతి పాఠాలుంటాయి. అయినా చాలదని తెలంగాణ ప్రభుత్వం 2017లో కరీంనగర్‌లో నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ పెట్టింది.)

1925లో కెంటకీలోని లెస్లీ కౌంటీలో పని మొదలైంది. 1928లో దానికి ఫ్రాంటియర్ నర్సింగ్ సర్వీస్ అని పేరు పెట్టారు. జీను సంచుల్లో సామాను సర్దుకుని, వాగులు దాటి నర్సులు వెళ్లేవారు. కబురు తెచ్చిన మనిషి ఏ దారిన వచ్చాడో ఆ దారిన నర్సు వెళ్లి తీరాల్సిందే. డబ్బు లేనివాళ్లు కోళ్లో, మొక్కజొన్నో, కట్టెలో ఇచ్చేవారు. మొదటి వెయ్యి కాన్పుల లెక్కలను ఓ పెద్ద బీమా కంపెనీ నిపుణుడు పరిశీలించారు. కాన్పు కారణంగా ఒక్క తల్లి కూడా చనిపోలేదని తేలింది. 1931లో గుర్రం మీంచి పడి మేరీ వెన్ను విరిగింది. అయినా పని మానలేదు.

ఆమెలో మచ్చలూ లేకపోలేదు. నల్లజాతి నర్సులను పనిలో పెట్టుకోలేదు. తరతరాలుగా ఆ కొండల్లో పురుళ్లు పోసిన మంత్రసానులను చిన్నచూపు చూశారు.

చాలాకాలం బ్రిటన్ నుంచి వచ్చినవాళ్లు, అక్కడికెళ్లి చదివొచ్చినవాళ్లే ఈ పని చేశారు. 1939లో యుద్ధం రాగానే బ్రిటిష్ నర్సులు చాలామంది ఇంటిదారి పట్టారు. మనుషులు చాలక, అదే ఏడాది మేరీ అక్కడే నర్సులకు మిడ్‌వైఫరీ బడి పెట్టేశారు. 1965 మే 16న, తాను కట్టించుకున్న దుంగల ఇంట్లోనే కన్నుమూశారు. ఆ బడి ఇప్పుడు విశ్వవిద్యాలయమైంది. నర్సులకు మిడ్‌వైఫరీ ఇంకా నేర్పుతూనే ఉంది.