చెరువు అందరిదని తేలడానికి పదేళ్లు

అంబేడ్కర్ అనగానే రాజ్యాంగం గుర్తొస్తుంది. ఆయన పేరు ప్రతివాదిగా నమోదైన ఒక సివిల్ దావా పదేళ్లకు దగ్గరగా నడిచిందన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు. ఉద్యమాన్ని కోర్టు మెట్ల దగ్గర ఎలా ఆపుతారో, దాన్ని ఎలా ఎదుర్కోవాలో మహాడ్ చవ్‌దార్ చెరువు కేసు చెబుతుంది.

అంబేడ్కర్ 1923లో బొంబాయిలో న్యాయవాద వృత్తి మొదలుపెట్టారు. అంటరాని కులం లాయరుకు కేసులు అంత తేలిగ్గా వచ్చేవి కావు. 1926లో పుణే నుంచి ఒక పరువు నష్టం కేసు వచ్చింది. బ్రాహ్మణాధిక్యాన్ని విమర్శిస్తూ ‘దేశాచే దుష్మన్’ అనే పుస్తకం తెచ్చినందుకు బ్రాహ్మణేతర ఉద్యమ నాయకులను కోర్టుకు ఈడ్చారు. అంబేడ్కర్ వారి తరఫున వాదించి గెలిచారు. రాతకు రాతతో జవాబివ్వకుండా కేసుతో నోరు మూయించాలని చూడటం ఎలా ఉంటుందో ఆయన లాయరుగా దగ్గర నుంచి చూశారు. మరుసటి ఏడాదికే ఆయనే ప్రతివాది అయ్యారు.

ప్రభుత్వ ఖర్చుతో నడిచే బావులు, చెరువులు అంటరానివారికీ తెరవాలని బొంబాయి శాసనమండలి 1923లో తీర్మానించింది. దాని ప్రకారం మహాడ్ మున్సిపాలిటీ 1924లో చవ్‌దార్ చెరువును అందరికీ తెరిచింది. అదంతా కాగితం మీదే. 1927 మార్చి 20న అంబేడ్కర్ వేలమందితో నడిచి వెళ్లి ఆ నీళ్లు తాగారు. ఆ రోజే సవర్ణులు దళితుల మీద దాడి చేశారు. ఆ తర్వాత ఆవు పేడ, మూత్రం కలిపిన కుండలతో చెరువును ‘శుద్ధి’ చేశారు. ఆగస్టులో మున్సిపాలిటీ తన తీర్మానాన్నే రద్దు చేసుకుంది.

అంబేడ్కర్ డిసెంబరు 25న సత్యాగ్రహం ప్రకటించారు. సవర్ణులు డిసెంబరు 12న దావా వేశారు. చెరువు ప్రజలది కాదని, అనాదిగా తమదేనని వారి వాదన. 14న తాత్కాలిక ఇంజంక్షన్ వచ్చింది. ఈ దావా దేనికోసమో తేదీలే చెబుతాయి.

సభకు హిందువులెవరూ స్థలం ఇవ్వకపోతే ఒక ముస్లిం ఇచ్చారు. వేలమంది జైలుకైనా సిద్ధమై వచ్చారు. ఆజ్ఞను ధిక్కరిస్తే అప్పటిదాకా సవర్ణులతో ఉన్న తగవు ప్రభుత్వంతో తగవుగా మారేది. సవర్ణులకు కావలసింది అదే. అంబేడ్కర్ తన వాళ్లను ఒప్పించి సత్యాగ్రహాన్ని వాయిదా వేశారు. అలాగని ఉత్త చేతులతో పంపలేదు. 25వ తేదీ రాత్రి మనుస్మృతిని తగలబెట్టారు. తర్వాత జనం ఊరేగింపుగా చెరువు చుట్టూ నడిచారు, నీళ్లు మాత్రం ముట్టుకోలేదు. 1928 ఫిబ్రవరిలో ఇంజంక్షన్ తొలగింది. సత్యాగ్రహాన్ని ఆపే పని అప్పటికే పూర్తయింది.

దావా మాత్రం ఆగలేదు. 1931లో మహాడ్ కోర్టులో, 1933లో ఠాణా జిల్లా కోర్టులో సవర్ణులు ఓడారు, ఓడిన ప్రతిసారీ పైకి వెళ్లారు. ఈలోగా రౌండ్ టేబుల్ సమావేశాలు, పూనా ఒప్పందం, హిందువుగా చావనన్న యేవలా ప్రకటన, 1937 ఫిబ్రవరి ఎన్నికలు జరిగాయి. ఇన్ని పనుల మధ్య నాలుగైదు ఎకరాల చెరువు కేసును అంబేడ్కర్ వదిలిపెట్టలేదు. 1937 మార్చి 17న బొంబాయి హైకోర్టులో జస్టిస్ బ్రూమ్‌ఫీల్డ్ ధర్మాసనం అప్పీలును కొట్టేసింది. అనాదిగా ఉన్న ఆచారమని వాదులు రుజువు చేయలేకపోయారని తేల్చింది.

గెలుపు వచ్చింది. కానీ నీళ్లు తాగిన రోజు నుంచి తీర్పు దాకా పదేళ్లు. కేసు ఓడిపోయినా వేసినవాడికి లాభమే అంటే ఇదే. ఆలస్యమే అతని గెలుపు. అట్రాసిటీ కేసు పెట్టిన దళితుడి మీద వెంటనే కౌంటర్ కేసు పడటం తెలుగు పల్లెలకు కొత్త కాదు. రాజీకి వచ్చేదాకా తిప్పడమే అక్కడా ఎత్తుగడ.

రాజ్యాంగంలోని 15వ అధికరణ బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లను పేరుపేరునా చెబుతుంది. ప్రభుత్వ నిధులతో నడిచేవి, ప్రజలకు అంకితమైనవి కులం పేరుతో ఎవరికీ మూయరాదంటుంది. ముసాయిదా కమిటీ అధ్యక్షుడికి ఒక చెరువు కోసం పదేళ్లు కోర్టుల చుట్టూ తిరిగిన అనుభవం ఉంది. అది తెలిసి చదివితే అందులో ‘చెరువు’ అన్న మాట బరువు అర్థమవుతుంది.