కంటికొక్క చుక్క

పార్సెలు ఆఫీసులో వేబిళ్లు వ్రాసుకునే మాకు వైద్యము తెలియదు. అయినా మా ఇంట బిడ్డ కళ్లు పుసులు కట్టినప్పుడు పడిన భయము మరువలేదు. అందుకే ఈ ఉగాదికి డాక్టరు కార్ల్ క్రేడే గారిని తలచుకుంటున్నాము.

ఆయన 1819లో బెర్లినులో పుట్టారు. 1856లో లైప్‌జిగ్ ప్రసూతి వైద్యశాలకు పెద్ద అయ్యారు. ఆ రోజుల్లో పుట్టిన రెండు మూడు రోజులకే కొందరు పసికందుల రెప్పలు వాచి, చీము కారి, చూపే పోయేది. తల్లికున్న సెగరోగపు క్రిమి కాన్పులో బిడ్డ కంటికి సోకడమే కారణము. తరచు ఆ రోగము తండ్రి తెచ్చినదే, పైకి చెప్పుకునేదా?

క్రేడే మొదట తల్లులకే మందునీటితో శుభ్రము చేయించి చూశారు. అంతగా గుణము కనబడలేదు. 1880లో బిడ్డ వైపు తిరిగారు. ఏ తల్లికి రోగమున్నది, ఎవరికి లేదు అని విచారించడము మాని, పుట్టిన ప్రతి బిడ్డకూ కళ్లు తుడిపించి, నూటికి రెండు పాళ్ల సిల్వరు నైట్రేటు నీళ్లు గాజుపుల్లతో కంటికొక్క చుక్క వేయించారు. అంతే! 1874లో నూటికి పదిమందికి పైగా బిడ్డలకు వచ్చిన జబ్బు, చుక్క మొదలైన కొద్ది యేండ్లలో ఒక్కరికన్న తక్కువకు దిగింది. ఏ తల్లీ తల వంచుకోనక్కరలేదు.

1892లో ఆయన లైప్‌జిగ్‌లోనే కన్నుమూశారు.

ఆ చుక్క మండేది, కళ్లు ఎర్రబడేవి. తరువాత చాలా చోట్ల గర్భిణిని ముందే పరీక్షించి, ఏ క్రిమికి ఆ మందు ఇవ్వసాగారు. బిడ్డ కంటికి టెట్రాసైక్లిను వంటి లేపనాలు వచ్చాయి. ఆ మందుల వంశానికి మొదటిదైన ఆరియోమైసిను 1948లో వెలువడినది, మన భీమవరములో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు పరిశోధనలు నడిపిన అమెరికాలోని లెడర్లీ సంస్థ నుండే.