పిలుపు మార్చిన భాగ్యరెడ్డి వర్మ

సంబోధన చిన్న విషయమని భావించేవారికి నేను భాగ్యరెడ్డి వర్మ జీవితాన్ని గుర్తుచేయదలచాను. ఆయన 1888లో హైదరాబాదులోని ఒక మాల కుటుంబంలో మాదరి భాగయ్యగా జన్మించారు. 1906లో జగన్మిత్ర మండలిని స్థాపించి, హరికథలు, భజనల ద్వారా తన వారిలో చైతన్యం కలిగించారు. జోగిని దురాచారాన్ని, మద్యపానాన్ని, జంతుబలిని ఎదిరించారు. ఉర్దూ రాజభాషగా ఉన్న నిజాం రాజ్యంలో అంటరానివారి పిల్లలకు తెలుగు పాఠశాలలు తెరిచారు.

1917 నవంబరులో బెజవాడలో జరిగిన ప్రథమ ఆంధ్ర పంచమ మహాజన సభకు ఆయన అధ్యక్షులు. వేదికనెక్కి సభ పేరునే ప్రశ్నించారు. పంచములన్న మాటకు పురాణాలలో ఆధారం లేదనీ, ఈ నేలకు ఆదివాసులు తామేననీ వాదించారు. ఫలితంగా అది ఆది ఆంధ్ర మహాజన సభ అయింది. 1922లో మద్రాసు ప్రభుత్వం పంచమ శబ్దాన్ని విడిచి, ఆది ఆంధ్ర, ఆది ద్రావిడ అన్న పేర్లను అంగీకరించింది. నాడు మద్రాసు రాజధానిలో భాగమైన అనంతపురం జిల్లాకూ, మా వజ్రకరూరుకూ ఆ పేరు ఆ విధంగానే అందింది. 1931 జనగణనలో నిజాం ప్రభుత్వం ఆది హిందువులను ప్రత్యేకంగా నమోదు చేసింది. ఆయన 1939లో మరణించారు.

ఆర్యసమాజీయులతో, బ్రహ్మసమాజీయులతో కలిసి పనిచేసినప్పటికీ ఆయన తమ పేరును నిర్ణయించే హక్కును ఎవరికీ అప్పగించలేదు. మర్యాదతో మాట్లాడటానికీ, అణగి ఉండటానికీ గల భేదం ఇదేనని నేను అనుకుంటాను.

కాగితం మీద పేరు మారింది. నోటి మీద పిలుపు ఇంకా మారవలసి ఉంది. తొలకరి పడగానే వజ్రాల కోసం మా చేలకు ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. అదే చేలలో ఏడాది పొడవునా శ్రమించే వృద్ధుణ్ణి మాత్రం ఆసామి కుమారుడు నేటికీ ఏకవచనంతో పిలవడం ఈ ప్రాంతంలో నేను విన్నాను. ఆ వృద్ధుడు గ్రామసభలో కూలి గురించో, శ్మశానపు దారి గురించో గొంతు పెంచితే, సౌమ్యంగా మాట్లాడమని హితవు చెప్పేవారికి కొదవ ఉండదు. ఆ ఏకవచనం మాత్రం వారి చెవికి సోకదు.

సభామర్యాద ముందుగా కుర్చీలో కూర్చున్నవారు పాటించవలసినది. ఎదుటివారు ఏ పేరు కోరుకుంటున్నారో తెలుసుకొని ఆ పేరుతో పిలవాలి. ‘మీరు’ అని సంబోధించాలి. మాట పూర్తయ్యేదాకా వినాలి. ఆ తరువాత ఎంత తీవ్రంగా విభేదించినా అది సమానుల మధ్య చర్చే అవుతుంది.