రెండుసార్లు కాదన్న మనిషి

పెళ్లి సంబంధం దగ్గర్నుంచి పొలం అమ్మకం దాకా, ఇంట్లో అందరూ ఊ అన్నాక మనమొక్కళ్లం ఊహూ అనడం ఎంత కష్టమో మీకు చెప్పక్కర్లేదు. నేనైతే అలాంటప్పుడు వంటింట్లోకెళ్లి గిన్నెల మీద ప్రతాపం చూపించి ఊరుకున్న రోజులే ఎక్కువ. అందుకేనేమో, 388 మంది అవునన్నచోట ఒక్కతే లేచి కాదన్న జెనెట్ రాంకిన్ గురించి చదివినప్పుడు రెండు రోజులు నాకదే ధ్యాస.

అమెరికా కాంగ్రెసుకి ఎన్నికైన మొట్టమొదటి స్త్రీ ఆవిడ. 1880 జూన్ 11న మోంటానా ప్రాంతంలో, మిసూలా అనే ఊరి దగ్గర పశువులూ పొలాలూ ఉన్న ఇంట్లో పుట్టింది. తల్లి పెళ్లికి ముందు పంతులమ్మ. పిల్లల్లో తనే పెద్దది కనక చెల్లెళ్లకీ తమ్ముడికీ సగం తల్లి. తండ్రికి ఊళ్లో ఉన్న ఒక కట్టడం, ముందు నడిచే బాట లేదని అద్దెకి పోకపోతే, ఈ పిల్లే చెక్కలు కొట్టి బాట వేసిందట!

1902లో జీవశాస్త్రంలో డిగ్రీ తీసుకుంది. కొన్నాళ్లు పాఠాలు చెప్పింది, కొన్నాళ్లు బట్టలు కుట్టింది. ఏదీ మనసుకి పట్టలేదు. న్యూయార్క్ వెళ్లి సంఘసేవ చదువుకుని, దిక్కులేని పిల్లల కోసం పనిచేసింది. ఆ పసివాళ్ల అవస్థ చూశాక, చట్టాలు మారకుండా ఈ కష్టాలు తీరవనిపించింది కాబోలు, స్త్రీలకు ఓటుహక్కు ఉద్యమంలో దిగిపోయింది. 1910లో వాషింగ్టన్ రాష్ట్రంలో, 1914లో సొంత మోంటానాలో ఆడవాళ్లకి ఓటు వచ్చింది. రెండేళ్లకే, 1916లో, ఆవిడే ఎన్నికల్లో నిలబడి గెలిచింది. తమ్ముడు వెల్లింగ్టన్ లాయరు. ఎన్నికల వ్యవహారమంతా తన భుజాన వేసుకున్నాడు. దేశమంతటా ఆడవాళ్లందరికీ ఓటు రావడానికి ఇంకా నాలుగేళ్లుంది. అంటే, చాలా రాష్ట్రాల్లో ఆడవాళ్లు ఓటు వేయలేని రోజుల్లో, ఒక ఆడమనిషి సభలో కూర్చుంది!

కూర్చున్న సుఖం ఎన్నాళ్లు? 1917 ఏప్రిల్ 2న ఆవిడ సభలో అడుగుపెట్టింది. ఆ రాత్రే ప్రెసిడెంట్ విల్సన్ వచ్చి జర్మనీ మీద యుద్ధం ప్రకటించమని అడిగాడు. నా దృష్టిలో ఆవిడ జీవితంలో అన్నిటికన్నా కష్టమైన వారం అది. వద్దన్నది పరాయివాళ్లయితే ఎదిరించవచ్చు. కానీ ఓటుహక్కు కోసం తనతో కలిసి నడిచిన స్నేహితురాళ్లే బతిమాలారు. మొదటి ఆడమనిషే యుద్ధానికి భయపడిందంటే మన ఉద్యమం మట్టిగొట్టుకుపోతుందన్నారు. తమ్ముడూ అదే మాట. ఏప్రిల్ 6 తెల్లవారుజామున పేరు మొదటిసారి పిలిస్తే పలకలేదు. రెండోసారి పిలిచినప్పుడు లేచి, దేశమంటే ప్రేమే గానీ యుద్ధానికి ఓటెయ్యలేనని చెప్పింది.

నిజానికి ఆ రోజు కాదన్నవాళ్లు 50 మంది. మిగతా 49 మందీ మగవాళ్లే. కానీ పత్రికలకి కనిపించింది ఈవిడ ఒక్కతే. ఏడ్చేసిందని రాశారు. న్యూయార్క్ సభ్యుడు లా గార్డియాని అడిగితే, తన కళ్లలోనే నీళ్లున్నాయి కనక ఆవిడని చూడలేదన్నాడట. మగవాళ్ల కన్నీళ్లు మాత్రం వార్త కాలేదు.

ఆవిడ దేవతేం కాదు. ఆ డిసెంబరులో ఆస్ట్రియా-హంగరీ మీద యుద్ధానికి అవుననే ఓటేసింది. అప్పుడు కాదన్నది మేయర్ లండన్ అనే ఒకే ఒక్కాయన. ఆ రెండేళ్లలో ఆవిడ చేసిన మిగతా పనులు మాత్రం ఎవరికీ అంతగా గుర్తులేవు. ప్రభుత్వం నోట్లు ముద్రించేచోట ఆడవాళ్ల చేత గంటలకొద్దీ చాకిరీ చేయిస్తున్నారని విచారణ జరిపించి ఎనిమిది గంటల పని తెప్పించింది. మోంటానాలోని బ్యూట్ గనిలో 1917 జూన్‌లో నిప్పంటుకుని 168 మంది చనిపోతే, సమ్మె చేసిన కార్మికుల పక్షాన నిలబడింది. 1918 జనవరిలో స్త్రీల ఓటుహక్కు సవరణ మీద సభలో చర్చ మొదలుపెట్టింది ఆవిడే.

ఆ ఏడు సెనేట్‌కి పోటీ చేసి ఓడిపోయింది. తర్వాత ఇరవై ఏళ్లకు పైగా శాంతి సంఘాల పనే. జార్జియాలో కరెంటు లేని చిన్న ఇంట్లో కాపురం. పెళ్లి చేసుకోలేదు.

1940లో, అరవయ్యో ఏట, మళ్లీ గెలిచింది. మరుసటేడు డిసెంబరు 7న పెర్ల్ హార్బర్ మీద బాంబులు పడ్డాయి. ఎనిమిదో తారీఖున మళ్లీ అదే ప్రశ్న. ఈసారి తోడు ఎవరూ లేరు. మాట్లాడతానంటే స్పీకరు అవకాశమివ్వలేదు. కాదంది. సభంతా గోల. బయటికొస్తే జనం చుట్టుముట్టారు. ఒక టెలిఫోన్ గదిలోకి దూరి తలుపేసుకుంటే, పోలీసులొచ్చి ఆఫీసుకి చేర్చారు. మోంటానా మొత్తం నీకు వ్యతిరేకమేనని తమ్ముడు కబురు చేశాడు. ఆవిడ మళ్లీ పోటీ చెయ్యలేదు.

హిట్లర్ కాలంలో కాదనడం సరైనదేనా అంటే, నాకైతే ఇప్పటికీ తేలలేదు. మా ఇంట్లో దీనిమీద పెద్ద వాదనే అయింది.

ఆ తర్వాత 1946లో మన దేశం వచ్చింది. గాంధీగారంటే గురి. ఆయన్ని కలవడం మాత్రం కుదరలేదు. అయినా 1971 దాకా ఏడుసార్లు వచ్చింది. 1968 జనవరిలో, ఎనభై ఏడేళ్ల వయసులో, వియత్నాం యుద్ధం ఆపమంటూ వేలాది స్త్రీల ముందు వాషింగ్టన్ వీధుల్లో నడిచింది. 1973 మే 18న కాలిఫోర్నియాలో కన్నుమూసింది.

జార్జియాలోని ఆస్తి అమ్మగా వచ్చిన పదహారు వేల డాలర్లతో 1976లో ఒక నిధి మొదలైంది. డబ్బులేని, వయసు దాటిన ఆడవాళ్లు మళ్లీ కాలేజీకి వెళ్లి చదువుకోవడానికి స్కాలర్‌షిప్పులిచ్చే నిధి అది. ఈ సంగతి చదివి, బీరువాలో అడుగున ఉన్న నా డిగ్రీ సర్టిఫికెట్ తీసి, చాలాసేపు చూస్తూ కూర్చున్నాను.