బ్యాటరీ లేని ట్యాగు వెనక ఓ ఖైదీ

పండక్కి బట్టలు కొనడానికి మదనపల్లెలో ఓ పెద్ద షోరూంకి వెళ్లారనుకోండి. ప్యాంటు నడుము దగ్గర గట్టి ప్లాస్టిక్ బిళ్ల ఒకటి చేతికి తగులుతుంది. బిల్లు కట్టాక కౌంటర్‌లో అబ్బాయి దాన్ని ఊడదీసి డబ్బాలో పడేస్తాడు. పొరపాటున మరిచిపోయాడా, మీరు గుమ్మం దాటేలోపు కుయ్యిమంటూ మోత. అందరి చూపూ మీ మీదే! అదే మీరు ఇంటర్వ్యూకని కారులో బెంగళూరు బయల్దేరితే, టోల్‌గేటు దగ్గర అద్దం మీది ఫాస్టాగ్‌ని యంత్రం చదువుకుంటుంది, గేటు లేస్తుంది. ఆ బిళ్లలోనూ ఈ స్టిక్కర్‌లోనూ బ్యాటరీ లేదు. మరి అవి ఎలా పలుకుతున్నాయి?

ఈ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ వెళ్తే లియోన్ థెరెమిన్ దగ్గర ఆగుతాం. సంగీతం తెలిసినవాళ్లకు ఆయన ముట్టుకోకుండా మోగే వాద్యాన్ని కనిపెట్టిన మనిషి. గూఢచారుల కథలు చదివేవాళ్లకు అమెరికా రాయబారి గదిలో చెవి పెట్టిన మనిషి. ఆర్‌ఎఫ్‌ఐడీ చరిత్ర రాసేవాళ్లు మాత్రం ఆయన్ని ఈ ట్యాగులకు తాతగారి వరుసలో కూర్చోబెడతారు. రిటైల్ షోరూంలోనో, గోడౌన్‌లోనో, కొరియర్ కంపెనీలోనో ఉద్యోగానికి ప్రయత్నిస్తున్నారా? అయితే రేపు మీ పని ఈ ట్యాగుల మధ్యనే. కాబట్టి తాతగారి కథ ఒకసారి వినండి.

1896లో రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పుట్టారు. అసలు పేరు లెవ్ తెర్‌మెన్. చిన్నప్పుడే చెల్లో వాయించడం నేర్చుకున్నారు, కాలేజీలో ఫిజిక్స్ చదివారు. 1919లో మన మదనపల్లె బీటీ కాలేజీకి టాగూర్ వచ్చి జనగణమనను ఇంగ్లిష్‌లోకి మార్చారు కదా. ఆ మరుసటి ఏడాది, 1920లో, పెట్రోగ్రాడ్‌లో ఇయోఫీ అనే పెద్ద శాస్త్రవేత్త ల్యాబులో థెరెమిన్ పని చేస్తున్నారు. వాయువుల విద్యుత్ లక్షణాలు కొలిచే యంత్రం ఒకటి తయారు చేయాలి. చెవికి హెడ్‌ఫోన్ పెట్టుకుని చూస్తుంటే, చెయ్యి దగ్గరికి వెళ్లినప్పుడల్లా అందులో శబ్దం మారిపోతోంది. మన ఒళ్లు కూడా కరెంటును కాస్త దాచుకోగలదు, అందుకే సర్క్యూట్ చెదురుతోంది. ఇంకెవరైనా అయితే ఇదేం పీడ అని రేకు అడ్డం పెట్టి పని కానిచ్చేవారు. ఆయనకు చెల్లో వచ్చు కదా! గాల్లో చెయ్యి కదుపుతూ పాట వాయించారు. ఆ వాద్యానికే తర్వాత థెరెమిన్ అన్న పేరు స్థిరపడింది.

అదే సూత్రంతో ఆయన దొంగలను పట్టే అలారం కూడా చేశారు. మనిషి దగ్గరికి వస్తే మోగుతుంది. 1922లో క్రెమ్లిన్‌లో లెనిన్‌కు రెండూ చూపించారు. లెనిన్ తానూ చెయ్యి ఆడించి వాయించబోయారట. వాద్యమూ, కాపలా యంత్రమూ ఒకే బుర్రలోంచి ఒకే సూత్రంతో వచ్చాయన్నది గుర్తుపెట్టుకోండి. షోరూం గుమ్మం దగ్గర ఇది మళ్లీ పనికొస్తుంది.

1927లో యూరప్ తిరిగి, ఆ ఏడాది చివర్లో అమెరికా చేరారు. న్యూయార్క్‌లో పెద్ద పెద్ద హాళ్లలో కచేరీలు, 1928లో పేటెంటు, మరుసటి ఏడాది ఆర్‌సీఏ అనే రేడియో కంపెనీ వాద్యాన్ని తయారుచేసి అమ్మడం. అమ్ముడైనవి వందల్లోనే. సరిగ్గా అప్పుడే షేర్ మార్కెట్ కుప్పకూలింది. పైగా ఆ వాద్యం చూడ్డానికి తేలిక, వాయించడానికి గట్టి సాధన కావాలి. డెమో బాగుండటం వేరు, సరుకు అమ్ముడుపోవడం వేరు అని మార్కెటింగ్ చదివేవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. తర్వాత అలారాలు, మనిషి దగ్గరికొస్తే పనిచేసే యంత్రాల వైపు తిరిగారు. అప్పులు పెరిగాయి. లవీనియా విలియమ్స్ అనే నల్లజాతి నర్తకిని పెళ్లి చేసుకున్నారు. ఆ రోజుల్లో అమెరికాలో అదీ పెద్ద సాహసమే, కొన్ని ఇళ్ల తలుపులు మూసుకుపోయాయి. 1938లో ఓడెక్కి రష్యా వెళ్లిపోయారు. భార్య న్యూయార్క్‌లోనే ఉండిపోయింది. మళ్లీ ఆ ఇద్దరూ కలుసుకోలేదు.

1939 మార్చిలో అరెస్టు. ఎనిమిదేళ్ల శిక్ష. స్టాలిన్ కాలం అది, విదేశాల్లో ఉండి వచ్చినవాళ్లంటేనే అనుమానం. ముందు కొలిమా అనే మంచు దేశంలో బంగారు గనుల దగ్గరికి పంపారు. బతికి బయటపడేవాళ్లు తక్కువ. అక్కడి నుంచి ఆయన్ని లాక్కొచ్చింది చదువే. ఖైదీలైన శాస్త్రవేత్తలతో పని చేయించుకునే ల్యాబులు ఉండేవి. విమానాల డిజైనర్ టుపొలెవ్, తర్వాత రాకెట్లతో పేరు తెచ్చుకున్న కొరొల్యోవ్ కూడా అలాంటి ఖైదీలే. థెరెమిన్‌ను వాళ్ల మధ్య కూర్చోబెట్టారు. ఆ తర్వాత అప్పజెప్పిన పని: గదిలో మాటలు వినాలి, వైరు ఉండకూడదు, బ్యాటరీ ఉండకూడదు, వెతికితే దొరకకూడదు.

1945 ఆగస్టు 4న సోవియట్ బడిపిల్లలు మాస్కోలోని అమెరికా రాయబారి హారిమన్‌కు చెక్కతో చెక్కిన అమెరికా రాజముద్రను కానుకగా ఇచ్చారు. ఆయన ముచ్చటపడి తన చదువు గదిలో తగిలించుకున్నారు. అది ఏడేళ్లు అక్కడే ఉంది.

లోపల ఏముంది? చిన్న లోహపు గిన్నె, దాని మీద చాలా పల్చటి పొర, ఓ కడ్డీ యాంటెనా. అంతే. మామూలుగా అది చచ్చిన కట్టె. బయటి నుంచి ఎవరో రేడియో తరంగం దాని మీదికి వదిలితేనే బతుకుతుంది. చిన్నప్పుడు మీరు బళ్లో అద్దంతో ఎండను ఎదుటివాడి మొహం మీద కొట్టి ఉంటారు. అద్దానికి సొంత వెలుగు లేదు, సూర్యుడిదే తిప్పికొడుతుంది. చెయ్యి వణికితే గోడ మీద వెలుగు మరకా వణుకుతుంది. ఇక్కడా అంతే. గదిలో మాటలకు పొర వణుకుతుంది, తిరిగివెళ్లే తరంగం ఆ వణుకును మోసుకెళ్తుంది, దూరంగా కూర్చున్నవాడు దాన్ని మళ్లీ మాటలుగా మార్చుకుంటాడు. 1920లో హెడ్‌ఫోన్ దగ్గర చెయ్యి చేసిన పనే, ఇప్పుడు పొర చేస్తోంది.

1952లో అమెరికన్లు దాన్ని కనిపెట్టారు. 1960లో ఐక్యరాజ్యసమితిలో అందరి ముందూ పెట్టి చూపించారు. వాళ్లు దానికి పేరు కూడా సరిగ్గా పెట్టలేక ఆ వస్తువు అని ఊరుకున్నారు. థెరెమిన్‌కు మాత్రం 1947లోనే విడుదల దొరికింది. రహస్యంగా వినే యంత్రాలు చేసినందుకు స్టాలిన్ బహుమతి కూడా! ఖైదీకి, ఖైదు చేసినవాడి పేరు మీదున్న బహుమతి.

ఒక్కమాట. ఆ చెక్క ముద్ర ఆర్‌ఎఫ్‌ఐడీ కాదు, ఎందుకంటే అది నేను ఫలానా అని చెప్పుకోదు. ఇంటర్వ్యూలో తెలిసీ తెలియక అలా అనేయకండి. బ్యాటరీ లేకుండా, ఎదుటివాడి తరంగాన్నే తిప్పికొట్టి కబురు చెప్పడం వరకే పోలిక. ఆ పద్ధతి మీద 1948లో హ్యారీ స్టాక్‌మన్ అనే ఇంజినీరు అమెరికాలో పేపరు రాశారు. 1973లో మెమరీ ఉన్న ట్యాగుకూ, తాళం తెరిచే కార్డుకూ పేటెంట్లు వచ్చాయి. అప్పట్లోనే లాస్ ఆలమోస్ ల్యాబులో ఆవుల కోసం ట్యాగులు చేశారు, ఏ ఆవో చెప్పాలి, జ్వరం ఉందో లేదో చెప్పాలి. 1999లో ఎంఐటీలో మొదలైన ఆటో-ఐడీ సెంటర్ వల్ల ఇది దుకాణాల్లోకి దిగింది. చిప్పు చౌకగా లేకపోవడం అప్పటిదాకా ఓ పెద్ద అడ్డు.

ఇప్పుడు మళ్లీ మన షోరూం. ప్యాంటుకు ఉన్న గట్టి బిళ్ల చాలాచోట్ల ఆర్‌ఎఫ్‌ఐడీ కాదు. దానికి తెలిసింది ఒకటే: ఉన్నానా, లేనా. అది ఏ ప్యాంటో, ఎంత ధరో దానికి తెలియదు. దొంగతనం ఆపడానికి అంతే చాలు. ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగుకు ఒక్కోదానికీ వేరే నంబరు ఉంటుంది, సాధారణంగా 96 బిట్లు. ఒకే రంగు, ఒకే సైజు ప్యాంట్లు వంద ఉన్నా వంద నంబర్లు. ఇక బార్‌కోడ్ అయితే ఎదురుగా పెట్టి ఒక్కొక్కటే చూపించాలి. ఆర్‌ఎఫ్‌ఐడీ రీడర్ పట్టుకుని రాకుల మధ్య నడిస్తే చాలు, మడతల్లో ఉన్నవీ పలుకుతాయి. అన్నీ ఒకేసారి అరిస్తే గోల కాదా అంటారా? మంచి ప్రశ్న. రీడర్ అడిగినప్పుడు ప్రతి ట్యాగూ తనకు తోచిన వంతు ఎంచుకుని పలుకుతుంది, రెండు ఢీకొంటే మళ్లీ వంతులు. అందుకే సెకనుకు వందల ట్యాగులు చదవడం కుదురుతుంది.

డెకత్లాన్‌లో బిల్లు వేసే పెట్టెలో సరుకులన్నీ పడేస్తే లెక్క దానంతట అదే తెర మీదికి రావడం చూసినవాళ్లుంటారు. అది ఇదే.

మన ఊళ్లకు తెచ్చి చూద్దాం. మదనపల్లె నీరుగట్టువారిపల్లెలో నేసే పట్టుచీరకు ఈ స్టిక్కర్ ఎక్కడ పెడతారు? జరీలో లోహం ఉంటే తరంగం దెబ్బతింటుంది. స్టిక్కర్‌ను చీర మడతకు కాకుండా దారంతో వేలాడే ధర కార్డుకు కట్టడం మేలు. అదే మదనపల్లె టమోటా మార్కెట్లో అయితే? టమోటా అంటే దాదాపు నీళ్లే. ఫాస్టాగ్‌లో వాడే 865-867 మెగాహెర్ట్జ్ తరంగాన్ని నీళ్లు మింగేస్తాయి. కాబట్టి నిండు క్రేట్ల గుట్టలో మధ్య క్రేటు పలక్కపోవచ్చు. ట్యాగు క్రేటు బయటి అంచున ఉండాలి, రీడర్ పక్క నుంచి చూడాలి. పుంగనూరు పొట్టి ఆవు చెవికి పసుపు బిళ్ల చూసి ఇదీ ఆర్‌ఎఫ్‌ఐడీ అనుకుంటారు కొందరు. సర్కారువాళ్లు వేసే ఆ 12 అంకెల బిళ్ల మామూలుగా నంబరూ, బార్‌కోడూ మాత్రమే, ఎదురుగా చూసి చదవాల్సిందే. పశువుల ఆర్‌ఎఫ్‌ఐడీ వేరే ఉంది, 134.2 కిలోహెర్ట్జ్. ఒంట్లో నీరున్నా అంత తక్కువ ఫ్రీక్వెన్సీకి పెద్దగా అడ్డు లేదు, కానీ దూరం నుంచి పలకదు. కుప్పంలో రైలెక్కి వైట్‌ఫీల్డ్‌లో దిగేవాళ్లకు అక్కడి కంటెయినర్ల డిపో తెలిసే ఉంటుంది. ఫ్యాక్టరీలోనే సీలు వేసి పంపే ఎగుమతి కంటెయినర్లకు 2017 నుంచి కస్టమ్స్‌వాళ్లు ఆర్‌ఎఫ్‌ఐడీ సీలు పెట్టారు. సీలు తెగితే పలకదు, అదే దాని గొప్ప.

ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే, ఈ ఉద్యోగాల్లో రీడర్ మీట నొక్కడం ఎవరికైనా వస్తుంది. లెక్క తేడా వచ్చినప్పుడు ఏం చేస్తావన్నదే అసలు పని. కంప్యూటర్‌లో 400 చీరలు, రీడర్‌కు 391. తొమ్మిది పోయాయా? ట్యాగులు రాలాయా? జరీ పక్కన నక్కాయా? ఒక్కోసారి లెక్క ఎక్కువే వస్తుంది, పల్చటి గోడ అవతల గోడౌన్‌లో ఉన్నవి కూడా పలికి ఉంటాయి. దొంగతనం అని కేక వేసే ముందు ఇవన్నీ చూడాలి. ఎందుకంటే ఆ కేక సాధారణంగా మీతో పాటు పనిచేసే సేల్స్ అమ్మాయి మీద పడుతుంది. తరుగు లెక్కలో ఓ తప్పుకు మనిషి ఉద్యోగం పోవచ్చు. కొన్నవాడి సంగతీ ఉంది. బిల్లయ్యాక కూడా పలుకుతూ ఉండే ట్యాగు అతనితో ఇంటికి వెళ్తుంది. ఈ ట్యాగులకు పాస్‌వర్డ్‌తో శాశ్వతంగా నోరు మూయించే ఆదేశం ఉంది. దుకాణం దాన్ని వాడుతోందా అని అడగండి. ఎవరికీ తెలియకుండా గోడ మీద ఏడేళ్లు విన్న చెక్క ముద్ర కథ ఇప్పుడు మీకు తెలుసు కదా.

థెరెమిన్‌ను మధ్యలో వదిలేశాం. విడుదలయ్యాక కూడా చాలా ఏళ్లు రహస్య ల్యాబుల్లోనే పని చేశారు. ఆయన ఎప్పుడో చనిపోయారని పడమటి దేశాల్లో చాలామంది అనుకున్నారు. 1960ల్లో మాస్కో సంగీత కళాశాలలో మళ్లీ వాద్యాల దగ్గరికి చేరారు. 1967లో ఓ అమెరికా పత్రిక విలేకరి అక్కడ ఆయన్ని చూసి, బతికే ఉన్నారని రాశారు. ఆ రాత వల్లే పెద్దవాళ్లకు కోపం వచ్చింది. ల్యాబు మూసేశారు, పరికరాలు పారేశారు. తర్వాత మాస్కో విశ్వవిద్యాలయంలో మెకానిక్ స్థాయి ఉద్యోగం. డెబ్బై దాటిన వయసులో, పేటెంట్లు ఉన్న మనిషికి! చేరారు. ఖాళీ దొరికినప్పుడల్లా వాద్యాలు చేసుకున్నారు, బంధువుల అమ్మాయి లిడియా కవీనాకు తొమ్మిదేళ్ల వయసు నుంచి వాయించడం నేర్పారు. ఆమె ప్రపంచమంతా కచేరీలు చేసింది.

1991లో, 95 ఏళ్ల వయసులో, ఆయన మళ్లీ అమెరికాలో అడుగుపెట్టారు. యాభై మూడేళ్ల తర్వాత. యవ్వనంలో తన వాద్యాన్ని అందరికన్నా బాగా వాయించిన క్లారా రాక్‌మోర్‌ను న్యూయార్క్‌లో కలిశారు. సరిగ్గా అదే ఏడాది, అదే దేశంలో, ఒక్లహోమా హైవే మీద కార్లు ఆగకుండానే టోల్ కట్టి వెళ్లడం మొదలైంది. అద్దానికి అంటించిన ట్యాగు రోడ్డు పక్క నుంచి వచ్చిన తరంగాన్ని తిప్పికొడుతోంది. రెండేళ్లకు, 1993 నవంబరులో, థెరెమిన్ మాస్కోలో కన్నుమూశారు.